కెర్నల్ బయట అటామిక్ ఆపరేషన్లు: మామూలు ప్రోగ్రాముల్లో తప్పు లేకుండా వాడుకోవడం ఎలా

సీ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాయండి. ఒక గ్లోబల్ ఇంట్, విలువ సున్నా. రెండు థ్రెడ్లు, ఒక్కోటీ దానికి 10 లక్షల సార్లు ++ చేస్తుంది. రెండూ ముగిశాక విలువ ప్రింట్ చేయండి. 20 లక్షలు రావాలి, కానీ రాదు. నడిపిన ప్రతిసారీ ఒక కొత్త అంకె కనిపిస్తుంది.

ఇప్పుడు అదే ప్రోగ్రామును -ఓ2 (ఆప్టిమైజేషన్) పెట్టి కంపైల్ చేయండి. చాలాసార్లు సరిగ్గా 20 లక్షలే వస్తుంది. బగ్ పోయిందనుకునేరు, అది దాక్కుంది అంతే. కంపైలర్ మీ లూపును తీసేసి "ఒకేసారి 10 లక్షలు కలుపు" అని మార్చేసింది. రెండో థ్రెడ్ పుట్టేలోపే మొదటిది పని ముగించుకుని పోతోంది. ఆప్టిమైజేషన్ పెడితే బాగైపోయే ప్రోగ్రామును చూస్తే నాకు ఇప్పటికీ భయమే.

ఈ వ్యాసం యూజర్ స్పేసులో, అంటే మామూలు ప్రోగ్రాముల్లో, అటామిక్ ఆపరేషన్లు (మధ్యలో ఇంకొకరు దూరకుండా ఒకే దెబ్బలో జరిగిపోయే పనులు) వాడాలనుకునేవాళ్ళకి. పాయింటర్లు, థ్రెడ్లు తెలిసి ఉంటే చాలు. ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, కోడులో కొన్ని పేర్ల ముందు వచ్చే అండర్‌స్కోర్లు మీరు పెట్టుకోండి.

1. ముందు జబ్బేమిటో చూడండి

++ అనేది మనకు ఒక్క పనే. ప్రాసెసరుకు మూడు: మెమరీ నుంచి తెచ్చుకో, ఒకటి కలుపు, తిరిగి పెట్టు. పెళ్ళిలో ఇద్దరు కూర్చుని చదివింపులు రాస్తున్నారనుకోండి. మొత్తం మాత్రం ఒకే పలక మీద ఉంది. ఒకాయన పలక మీద 5,000 చూసి, మనసులో 500 కలుపుకుంటున్నాడు. ఈలోగా రెండో ఆయన కూడా ఆ 5,000 చూసి, 1,116 కలిపి, 6,116 అని రాశాడు. మొదటాయన తన లెక్క తేల్చుకుని వచ్చి 5,500 అని దిద్దాడు. 1,116 గోవిందా.

మరీ ఎంత పోవచ్చు? 20 లక్షలు రావాల్సిన చోట కనీసం 10 లక్షలైనా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండక్కర్లేదు, 2 కూడా రావచ్చు. కాగితం మీద గీసి చూడండి:

మొదటి థ్రెడ్: 0 చదివింది, అక్కడే ఆగిపోయింది.
రెండో థ్రెడ్: 9,99,999 సార్లు కలిపింది. ఇంకొక్కటి మిగిలింది.
మొదటి థ్రెడ్: లేచి 1 రాసింది. అవతలివాళ్ళ కష్టమంతా చెరిగిపోయింది.
రెండో థ్రెడ్: చివరిసారికి ఆ 1 చదివింది, ఆగింది.
మొదటి థ్రెడ్: మిగిలిన 9,99,999 సార్లూ కలిపి ముగించింది.
రెండో థ్రెడ్: లేచి 2 రాసింది.

ఇలా జరగడం అరుదే. కానీ రోజుకు కోటిసార్లు నడిచే కోడులో "అరుదు" అంటే వారానికోసారి కస్టమర్ ఫోన్ అని అర్థం.

వోలటైల్ పెడితే ఇది తగ్గదు. వోలటైల్ కంపైలరుతో "ప్రతిసారీ మెమరీకి వెళ్ళి రా" అని మాత్రమే చెబుతుంది. వెళ్ళి రావడానికి మధ్య ఇంకొకడు దూరకూడదని చెప్పదు.

2. కెర్నల్ హెడర్ల జోలికి పోకండి

ఒకప్పుడు లినక్సులో దీనికో అడ్డదారి ఉండేది. ఏఎస్ఎం డైరెక్టరీలో అటామిక్.హెచ్ అనే కెర్నల్ హెడర్ ఉండేది. యూజర్ ప్రోగ్రాములు దాన్ని ఇంక్లూడ్ చేసుకుని అటామిక్_ఇంక్ పిలిచేవి. కంపైల్ అయ్యేది, నడిచేది, కానీ తప్పు.

ఎక్స్86లో ఆ ఫంక్షన్ లోపల ఉన్నది లాక్ ప్రిఫిక్స్ పెట్టిన ఒక ఇన్‌స్ట్రక్షనే. అయితే ఆ ప్రిఫిక్స్ వస్తుందా రాదా అన్నది కెర్నలును ఎక్కువ ప్రాసెసర్లకు కాన్ఫిగర్ చేశారా లేదా అన్నదాని మీద ఆధారపడేది. మీ ప్రోగ్రాములో ఆ కాన్ఫిగరేషన్ మాక్రో ఉండదు కాబట్టి లాక్ మాయమై వట్టి ఇంక్రిమెంట్ మిగిలేది. ఒకే ప్రాసెసర్ ఉన్న మెషీన్లో ఇబ్బంది లేదు. రెండు ప్రాసెసర్లున్న సర్వర్ మీద పెట్టాక మొదలయ్యేది తంటా.

మిగతా ప్రాసెసర్లలో ఇంకో చిక్కు. పాత ఆర్మ్ చిప్పుల్లో కెర్నల్ అటామిక్ పని ఎలా చేసేదంటే, ఇంటరప్టులు (పనిని మధ్యలో ఆపే సంకేతాలు) ఆపి, కలిపి, మళ్ళీ ఇంటరప్టులు తెరిచేది. మామూలు ప్రోగ్రాముకు ఇంటరప్టులు ఆపే అధికారం లేదు.

మిగతా వ్యాసమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. కెర్నల్ కోడు "ఇప్పుడు నన్ను కదపొద్దు" అని ప్రాసెసరును గుప్పిట్లో పెట్టుకోగలదు. మనం అద్దెకున్నవాళ్ళం. ఏ రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్యనైనా కెర్నల్ మనల్ని లేపి పక్కన కూర్చోబెట్టగలదు. కెర్నల్ పద్ధతిని అలాగే తెచ్చి యూజర్ స్పేసులో అతికిస్తే ఎక్కడ తెగుతుందో వెతకాల్సింది ఈ అతుకు దగ్గరే.

2006లో వచ్చిన 2.6.18 కెర్నలుతో, యూజర్ ప్రోగ్రాములకు ఇవ్వదగిన హెడర్లను శుభ్రం చేసి వేరుగా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అప్పట్నుంచి ఆ అడ్డదారి మూసుకుపోయింది. ఏదైనా పాత ప్రాజెక్టును ఇప్పుడు కంపైల్ చేస్తుంటే ఏఎస్ఎం/అటామిక్.హెచ్ దొరకలేదన్న ఎర్రర్ వస్తే, ఆ ఫైలును ఎక్కడినుంచో కాపీ చేసి తేకండి. కింద చెప్పినట్టు ఆ పిలుపులనే మార్చండి.

3. కంపైలర్ ఇచ్చినవే వాడండి

మూడు తరాలున్నాయి. పాత కోడులో మూడూ తగులుతాయి కాబట్టి గుర్తుపట్టడం మేలు.

జీసీసీ 4.1తో వచ్చినవి సింక్ అన్న మాటతో మొదలయ్యే బిల్టిన్లు. సింక్_ఫెచ్_అండ్_యాడ్ లాంటివి. ఇంటెల్ ఇటానియం కోసం రాసుకున్న పేర్లివి. వీటిలో దాదాపు అన్నీ పూర్తి బ్యారియర్ (మెమరీ పనుల వరుస అటూ ఇటూ మారకుండా అడ్డుగోడ) వేస్తాయి, తక్కువ చాలంటే వినవు. తర్వాత 2012లో జీసీసీ 4.7తో అటామిక్ అన్న మాటతో మొదలయ్యే బిల్టిన్లు వచ్చాయి. వీటికి చివర్లో మెమరీ ఆర్డర్ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వాలి (దాని సంగతి 5వ భాగంలో). మూడోది భాషా ప్రమాణం. సీ11లో స్టడ్‌అటామిక్.హెచ్, సీ++11లో స్టడ్::అటామిక్. జీసీసీలో ఆ సీ హెడర్ 4.9 నుంచి ఉంది.

కొత్తగా రాస్తుంటే మూడోదే తీసుకోండి. వేరియబులును డిక్లేర్ చేసేటప్పుడే అటామిక్ అని గుర్తు పడుతుంది కాబట్టి, ఎక్కడో ఒకచోట పొరపాటున మామూలుగా రాసేసే ప్రమాదం తక్కువ. అప్పటికే ఉన్న మామూలు వేరియబులును రెండు చోట్ల మాత్రం అటామికుగా ముట్టుకోవాలంటే రెండో తరం బిల్టిన్లు పనికొస్తాయి. ఇన్‌లైన్ అసెంబ్లీ రాయాలన్న ఉబలాటం మాత్రం వద్దు. కంపైలరుకు అది నల్లపెట్టె, దాని చుట్టూ ఏం కదపవచ్చో దానికి తెలియదు. క్లాబర్ జాబితాలో (ఆ అసెంబ్లీ ఏమేం మారుస్తుందో చెప్పే జాబితా) "మెమరీ" అన్న ఒక్క మాట మరిచిపోతే తలపట్టుకోవాల్సిందే.

సీ11లో కొత్తవాళ్ళు పడే గుంట ఒకటుంది. అటామిక్ వేరియబుల్ x అనుకుందాం, తెలుగులో "ఎక్స్" అని రాస్తాను. ఎక్స్++ అటామిక్, ఎక్స్ += 1 కూడా అటామికే. కానీ ఎక్స్ = ఎక్స్ + 1 అటామిక్ కాదు. చదవడం ఒక అటామిక్ పని, రాయడం ఇంకో అటామిక్ పని, మధ్యలో సందు ఉంది. చదివింపుల పలక కథ మళ్ళీ మొదటికొస్తుంది.

4. మొదటి పనిముట్టు: ఫెచ్_యాడ్

లెక్కపెట్టడానికి అటామిక్_ఫెచ్_యాడ్ చాలు. కలిపి, కలపడానికి ముందున్న విలువను తిరిగి ఇస్తుంది. ఆ "ముందున్న విలువ" అన్నదే కీలకం. టోకెన్ నంబర్లు ఇచ్చే కోడులో ఆ విలువే మీ టోకెన్. కలిపాక వేరియబులును మళ్ళీ చదివి అదే నా నంబరు అనుకుంటే, ఈలోగా ఇంకో ఇద్దరు కలిపి ఉండవచ్చు. ఒకే టోకెన్ ఇద్దరి చేతిలో ఉంటుంది.

కింద ఏం జరుగుతోందో ఒక్కసారైనా ఆబ్జ్‌డంప్‌తో విప్పి చూడండి. ఎక్స్86లో లాక్ ఎక్స్‌యాడ్ కనిపిస్తుంది. తిరిగొచ్చే విలువను మీరు వాడకపోతే కంపైలర్ దాన్ని లాక్ యాడ్‌గా తేలిక చేస్తుంది. రిస్క్-ఫైవులో అటామిక్ ఎక్స్‌టెన్షన్ ఉంటే ఒకే ఏఎంఓయాడ్. మొదటి తరం 64 బిట్ ఆర్మ్‌లో మాత్రం చిన్న లూపు ఉంటుంది: ఎల్‌డీఎక్స్‌ఆర్‌తో "దీన్ని గమనిస్తున్నాను" అని చెప్పి చదువుతుంది, కలుపుతుంది, ఎస్‌టీఎక్స్‌ఆర్‌తో రాయబోతుంది. మధ్యలో ఎవరైనా ఆ చోటు ముట్టుకుంటే రాత చెల్లదు, లూపు మళ్ళీ మొదలు. కెర్నల్ మనల్ని పక్కకు తప్పించినా ఆ గమనింపు రద్దవుతుంది, రాత విఫలమై మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఇంటరప్టులు ఆపలేని మనలాంటివాళ్ళకి ఈ పద్ధతి సరిగ్గా సరిపోవడానికి కారణం అదే. ఆర్మ్ 8.1 నుంచి ఎల్‌డీయాడ్ అనే ఒకే ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది. జీసీసీ 10 నుంచి లినక్స్ ఆర్మ్ మీద కంపైలర్ రెండు రకాలూ పెట్టి, నడిచేటప్పుడు చిప్పును చూసి ఎంచుకునే ఏర్పాటు మామూలుగానే ఉంటుంది.

ఇవేవీ లేని పాత ఆర్మ్ చిప్పుల కోసం లినక్స్ చేసిన ఉపాయం నాకు భలే ఇష్టం. అడ్రస్ స్పేస్ పైకొసన ఒక స్థిరమైన చిరునామాలో కెర్నల్ ఒక చిన్న కంపేర్-ఎక్స్చేంజ్ ఫంక్షన్ (దాని సంగతి 6వ భాగంలో) పెట్టింది. యూజర్ ప్రోగ్రాము దాన్ని మామూలు ఫంక్షనులా పిలుస్తుంది. ఆ కొన్ని ఇన్‌స్ట్రక్షన్ల మధ్యలో ఇంటరప్ట్ వస్తే, కెర్నల్ ప్రోగ్రామ్ కౌంటరును ఆ ఫంక్షన్ మొదటికి వెనక్కి జరుపుతుంది. ఇంటరప్టులు ఆపలేవు సరే, నువ్వు మధ్యలో ఆగిపోతే నేను మొదటినుంచి చేయిస్తాలే అన్నట్టు.

రెండు జాగ్రత్తలు. వేరియబుల్ తన సైజుకు తగ్గట్టు అలైన్ అయి ఉండాలి, 8 బైట్లదైతే చిరునామా 8తో భాగింపబడాలి. ప్యాక్ చేసిన స్ట్రక్టులో అటామిక్ పెట్టకండి. ఆర్మ్‌లో బస్ ఎరర్ రావచ్చు. ఎక్స్86లో పని జరుగుతుంది, కానీ విలువ రెండు క్యాష్ లైన్ల (ప్రాసెసర్ మెమరీని తెచ్చుకునే ముక్కల) మీద పడితే మొత్తం మెమరీ బస్సును ఆపాల్సి వస్తుంది. దీన్ని స్ప్లిట్ లాక్ అంటారు. 5.7 నుంచి లినక్స్ కెర్నల్, అందుకు వీలున్న చిప్పుల్లో, దీన్ని పట్టుకుని హెచ్చరిస్తుంది.

రెండోది వేగం గురించి. పోటీ లేనప్పుడు ఎక్స్86లో ఒక లాక్ యాడ్‌కు సుమారు 20 సైకిళ్ళు పడతాయి. పోటీ ఉంటే ఆ క్యాష్ లైన్ ఒక కోర్ నుంచి ఇంకో కోరుకు తిరుగుతూనే ఉంటుంది, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. రెండు థ్రెడ్లు వేర్వేరు కౌంటర్లు వాడుతున్నా, అవి పక్కపక్కనే ఒకే 64 బైట్ల లైనులో ఉంటే ఇదే బాధ. ఒక్కో కౌంటరును అలైనాస్‌తో 64కి జరపండి. ఆపిల్ ఎం1 చిప్పులో లైన్ 128 బైట్లు, అక్కడా నడవాలంటే 128 పెట్టండి. ఎక్కడ కొట్టుకుంటున్నాయో పర్ఫ్ సీ2సీ అనే పనిముట్టు చూపిస్తుంది.

5. వరుస: ఇక్కడే అసలు తలనొప్పి

ఇంతవరకూ ఒక్క వేరియబుల్ సంగతి. రెండోది వచ్చి చేరగానే ఆట మారుతుంది.

నేను పనిచేసిన ఒక చోట, సెన్సర్ల నుంచి రికార్డు నింపే థ్రెడ్ ఒకటి, దాన్ని బయటికి పంపే థ్రెడ్ ఒకటి ఉండేవి. రికార్డు నింపాక "సిద్ధం" అనే వోలటైల్ జెండాను 1 చేసేవాళ్ళం. అవతలి థ్రెడ్ జెండా 1 చూసి రికార్డు చదివేది. ఇంటెల్ లాప్‌టాపుల మీద నెలల తరబడి ఏ గొడవా లేదు. ఆర్మ్ బోర్డు మీద పెట్టాక రెండు మూడు రోజులకోసారి సగం కొత్తది, సగం పాతది అయిన రికార్డు వెళ్ళేది. సెన్సర్లను మార్చాం, కేబుళ్ళు మార్చాం, పవర్ సప్లైను తిట్టుకున్నాం. జెండాను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

జరిగిందేమిటంటే, ఆర్మ్ ప్రాసెసర్ రాతలను మనం రాసిన వరుసలోనే బయటికి చూపించాలన్న నియమం లేదు. జెండా ముందు కనిపించి, రికార్డులో కొంత భాగం తర్వాత కనిపించవచ్చు. విస్తట్లో ఇంకా అన్నం పడకముందే "భోజనాలకు లేవండి" అని కేక వేసినట్టు. ఎక్స్86 ఈ విషయంలో పద్ధతైనది. అక్కడ తారుమారయ్యేది ఒక్కటే, ఒక చోట రాసి, వెంటనే వేరే చోట చదివితే, ఆ చదువు ముందు జరిగిపోవచ్చు. ప్రాసెసర్ ఎలాంటిదైనా కంపైలర్ కూడా వరుస మార్చగలదు, అందుకే "మాది ఇంటెలే కదా" అన్న ధీమా చాలదు.

మందు ఒక జత. రాసే థ్రెడ్ జెండాను రిలీజ్ ఆర్డరుతో రాయాలి, అంటే "దీనికి ముందు నేను రాసినవన్నీ కనిపించాకే ఇది కనిపించాలి". చదివే థ్రెడ్ అక్వైర్ ఆర్డరుతో చదవాలి, అంటే "దీని తర్వాతి చదువులేవీ ముందుకు జరగకూడదు". ఒకటి పెట్టి ఇంకోటి మరిస్తే లాభం లేదు. వడ్డించేవాడు పద్ధతిగా కేక వేసినా, తినేవాడు కేక వినకుండానే కూర్చుంటే ఏం లాభం? రికార్డు మామూలు వేరియబులే కావచ్చు, జెండా ఒక్కటి అటామిక్ అయితే చాలు. ఎక్స్86లో ఈ జతకు అదనపు ఇన్‌స్ట్రక్షనేమీ పడదు, మామూలు మూవే. 64 బిట్ ఆర్మ్‌లో ఎస్‌టీఎల్‌ఆర్, ఎల్‌డీఏఆర్ వస్తాయి.

మిగతా ఆర్డర్లను ఇలా గుర్తుపెట్టుకుంటాను. రిలాక్స్‌డ్: అంకె తప్పకూడదు, వరుసతో పని లేదు. హిట్ల లెక్కలు, గణాంకాలు. సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ: అందరికీ ఒకే వరుస కనిపించాలి. 1979లో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ నిర్వచించిన భావన ఇది. ఏ ఆర్డరూ చెప్పకపోతే స్టడ్‌అటామిక్ ఇచ్చేది ఇదే. కన్స్యూమ్ ఆర్డర్ జోలికి వెళ్ళకండి, కంపైలర్లు దాన్ని ఎలాగూ అక్వైరుగానే మార్చేస్తున్నాయి.

రిలీజ్-అక్వైర్ చాలని కేసు ఒకటి తెలుసుకోవాలి. ఇద్దరూ ఎవరి జెండా వాళ్ళు ఎత్తి, తర్వాత ఎదుటివాడి జెండా దిగి ఉందో లేదో చూసి లోపలికి వెళతారు. రాసి, వేరేది చదవడం: సరిగ్గా ఎక్స్86 తారుమారు చేసేదే. ఇద్దరికీ ఎదుటి జెండా దిగి ఉన్నట్టే కనిపించి ఇద్దరూ లోపల పడతారు. ఇక్కడ సీక్వెన్షియలే కావాలి. నా సలహా: మొదట అన్నీ డిఫాల్ట్ సీక్వెన్షియలుతో రాయండి. కొలిచి, అక్కడే సమయం పోతోందని తేలితేనే తగ్గించండి. తగ్గించిన ప్రతి చోటా ఎందుకు సరిపోతుందో ఒక కామెంట్ రాయండి. ఆరు నెలల తర్వాత చదివేది మీరే.

రిఫరెన్స్ కౌంటులో ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఒక ఆబ్జెక్టును ఎంతమంది వాడుతున్నారో లెక్క. పెంచడానికి రిలాక్స్‌డ్ చాలు, అప్పటికే మన చేతిలో ఒక రిఫరెన్స్ ఉంది కాబట్టి ఆబ్జెక్ట్ ఎక్కడికీ పోదు. తగ్గించేటప్పుడు రిలీజ్, "నేను దీనిమీద చేసిన పనులన్నీ ముగిశాయి" అని చెప్పడానికి. ఫెచ్_సబ్ తిరిగిచ్చిన పాత విలువ 1 అయితే మనమే చివరివాళ్ళం. ఫ్రీ చేసే ముందు ఒక అక్వైర్ ఫెన్స్ (ఏ వేరియబులుకూ అంటని విడి బ్యారియర్), మిగతావాళ్ళు చేసిన పనులన్నీ మనకు కనిపించాలని. తగ్గించాక కౌంటును మళ్ళీ చదివి "సున్నానా?" అని చూడకండి. ఇద్దరికీ సున్నా కనిపించి, ఇద్దరూ ఫ్రీ చేస్తారు.

6. కంపేర్-ఎక్స్చేంజ్: మిగతా పనులన్నిటికీ

కూడికలు, తీసివేతలు, బిట్లు కాక ఇంకేదైనా మార్పు చేయాలంటే కంపేర్-ఎక్స్చేంజ్. "అక్కడ నేననుకున్న విలువే ఉంటే కొత్తది పెట్టు, లేకపోతే ఏముందో చెప్పు." ఇప్పటిదాకా నమోదైన అతి పెద్ద ఆలస్యాన్ని దాచాలనుకోండి:

పాత = లోడ్(గరిష్ఠం)
కొత్త > పాత అయినంతసేపు:
 కంపేర్_ఎక్స్చేంజ్_వీక్(గరిష్ఠం, పాత, కొత్త) నెగ్గితే ఆగు
 నెగ్గకపోతే మళ్ళీ పై లైనుకు

ఓడినప్పుడు "పాత"లోకి తాజా విలువను అదే నింపుతుంది. మళ్ళీ లోడ్ చేయక్కర్లేదు. వీక్ రకం అప్పుడప్పుడు విలువ సరిపోయినా ఓడిపోతుంది, పైన చెప్పిన ఆర్మ్ గమనింపు రద్దు వల్ల. లూపులో ఉంటే అదేమీ నష్టం కాదు. లూపు లేకుండా ఒకేసారి ప్రయత్నించాలంటే స్ట్రాంగ్ రకం వాడండి.

దీనితో లింక్డ్ లిస్టులు, స్టాకులు కట్టాలని చేతులు దురదపెడతాయి. అక్కడ ఏబీఏ సమస్య కాచుకుని ఉంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువాలు వేసి టీకి వెళ్ళారు. తిరిగొచ్చి చూస్తే సీటు మీద తువాలుంది. సరే మనదే అనుకున్నారు. మీ తువాలు తీసేసి, ఎవరో కూర్చుని లేచి, అలాంటి తువాలే ఇంకొకరు వేశారని మీకెలా తెలుస్తుంది?

స్టాకులో ఇది ఇలా జరుగుతుంది. పైన ఏ, దాని కింద బీ, దాని కింద సీ. మొదటి థ్రెడ్ "పైన ఏ ఉంది, తర్వాతది బీ" అని చదివి ఆగిపోయింది. రెండో థ్రెడ్ ఏను తీసింది, బీని తీసి ఫ్రీ చేసింది, ఏను మళ్ళీ పెట్టింది. మొదటి థ్రెడ్ లేచి చూస్తే పైన ఏనే ఉంది, కంపేర్-ఎక్స్చేంజ్ నెగ్గింది, ఇప్పుడు స్టాకు పైభాగం బీ. ఆ బీ ఎప్పుడో పోయింది.

తేలికైన మందు: పాయింటర్ల బదులు ఒక అరేలోని ఇండెక్సులు వాడండి. 64 బిట్లలో 32 ఇండెక్సుకు, 32 వెర్షన్ నంబరుకు. ప్రతి మార్పుకూ వెర్షన్ ఒకటి పెంచండి. తువాలు మీద తేదీ రాసినట్టు. 429 కోట్ల మార్పులకు గానీ అది చుట్టు తిరిగి రాదు. పాయింటర్లే కావాలంటే, ఇంకొకరు వాడుతున్నదాన్ని ఫ్రీ చేయకుండా ఆపే హజార్డ్ పాయింటర్లు, యూజర్ స్పేస్ ఆర్‌సీయూ లైబ్రరీ ఉన్నాయి. అవి సొంతంగా రాసుకోకండి, తయారుగా ఉన్నవి వాడండి.

7. ఎదురుచూడాల్సి వస్తే

కెర్నల్ కోడు చదివినవాళ్ళకి స్పిన్‌లాక్ మీద మోజు ఉంటుంది. నాకూ ఉండేది. ఎక్స్చేంజ్ చేసి 1 పెట్టు, పాతది 0 అయితే తాళం నీది, లేకపోతే తిరుగుతూ ఉండు. పది లైన్లు.

కెర్నల్లో స్పిన్‌లాక్ తీసుకున్నప్పుడు ప్రీఎంప్షన్ (నడుస్తున్న పనిని మధ్యలో దింపేయడం) ఆగుతుంది. తాళం పట్టుకున్నవాడు కోర్ మీదే ఉంటాడు, కాసేపట్లో వదిలేస్తాడు. యూజర్ స్పేసులో ఆ హామీ లేదు. తాళం పట్టుకున్న థ్రెడ్ వంతు అప్పుడే అయిపోతే కెర్నల్ దాన్ని దింపేస్తుంది. 50 నానోసెకన్ల పనికోసం మిగతా థ్రెడ్లన్నీ మిల్లీసెకన్ల తరబడి గిరగిరా తిరుగుతుంటాయి. పైగా కెర్నలుకు అవి చాలా కష్టపడుతున్నట్టు కనిపిస్తాయి. రియల్ టైమ్ ప్రయారిటీలుంటే ఇంకా ఘోరం. పెద్ద ప్రయారిటీ థ్రెడ్ తిరుగుతున్న కోర్ మీదే చిన్న ప్రయారిటీది తాళం పట్టుకుని ఉంటే, దానికి వంతే రాదు. షెడ్_యీల్డ్ (మన వంతు వదులుకునే పిలుపు) పెడితే సరిపోతుందని అంటారు, కానీ ఎవరికోసం తప్పుకుంటున్నామో షెడ్యూలరుకు తెలియదు కాబట్టి అది గుడ్డిదెబ్బే. 2020 మొదట్లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఇదే విషయం మీద గట్టిగా వాదించారు. యూజర్ స్పేసులో స్పిన్‌లాకులు రాసుకోవద్దన్నదే ఆయన మాట.

దీనికి లినక్స్ ఇచ్చిన జవాబు ఫ్యూటెక్స్. 2002 ఒట్టావా లినక్స్ సింపోజియంలో పరిచయమై, 2.6 కెర్నలులో అందరికీ అందింది. పోటీ లేకపోతే అంతా అటామిక్ ఆపరేషన్లతోనే యూజర్ స్పేసులో అయిపోతుంది, కెర్నలుకు తెలియనే తెలియదు. పోటీ ఉంటేనే సిస్టమ్ కాల్. ఒక 32 బిట్ల పదం తీసుకోండి. 0 అంటే ఖాళీ, 1 అంటే ఒకరి దగ్గర ఉంది, 2 అంటే ఒకరి దగ్గర ఉంది, ఇంకొకరు ఎదురుచూస్తూ ఉండవచ్చు.

తాళం తీసుకోవడం: 0ని 1గా మార్చే కంపేర్-ఎక్స్చేంజ్ చేయండి. నెగ్గితే అయిపోయింది. ఓడితే, ఎక్స్చేంజుతో 2 పెట్టండి. తిరిగొచ్చిన పాత విలువ 0 అయితే తాళం మీదే. కాకపోతే "విలువ 2గా ఉన్నంతవరకు నన్ను నిద్రపుచ్చు" అని ఫ్యూటెక్స్ వెయిట్ పిలవండి. లేచాక మళ్ళీ ఎక్స్చేంజ్ 2 నుంచి మొదలు.

తాళం వదలడం: ఎక్స్చేంజుతో 0 పెట్టండి. పాత విలువ 2 అయితే ఫ్యూటెక్స్ వేక్ పిలిచి ఒకరిని లేపండి. 1 అయితే లేపాల్సినవాళ్ళు లేరు, సిస్టమ్ కాల్ అక్కర్లేదు.

ఇందులో తెలివంతా "విలువ 2గా ఉంటేనే నిద్రపుచ్చు" అన్న షరతులో ఉంది. మనం 2 పెట్టి, వెయిట్ పిలిచే లోపు అవతలివాడు తాళం వదిలేసి వేక్ కూడా పిలిచేసి ఉండవచ్చు. షరతు లేకపోతే మనం పడుకుని, ఇక లేపేవాడు ఉండడు. కెర్నల్ ఆ పదాన్ని మళ్ళీ చూసి, 2 కాకపోతే నిద్రపుచ్చకుండా వెంటనే వెనక్కి పంపేస్తుంది.

దీన్ని నేర్చుకోవడానికి రాయండి. ప్రొడక్షనులో పీథ్రెడ్ మ్యూటెక్స్ వాడండి, లినక్సులో దాని లోపల ఉన్నదీ ఫ్యూటెక్సే. సీ++20లో అటామిక్ వేరియబులుకే వెయిట్, నోటిఫై వచ్చాయి.

8. షేర్డ్ మెమరీ, సిగ్నల్ హ్యాండ్లర్లు

రెండు ప్రాసెసులు ఎంమ్యాపుతో ఒకే మెమరీని పంచుకుంటే అందులో అటామిక్స్ పనిచేస్తాయి, అవి నిజంగా లాక్-ఫ్రీ (లోపల తాళం లేకుండా చిప్పే చేసేవి) అయితేనే. చిప్పుకు ఆ సైజు చేతకాకపోతే కంపైలర్ లిబ్‌అటామిక్ అనే లైబ్రరీని పిలుస్తుంది. అది తన లోపల తాళాలు పెట్టుకుని పని గట్టెక్కిస్తుంది. ఆ తాళాలు ఏ ప్రాసెసుకు ఆ ప్రాసెసువే. ఇద్దరూ వేర్వేరు తాళాలు వేసుకుని ఒకే గదిలోకి దూరుతారు. 64 బిట్ల అటామిక్ వాడిన కోడును మొదటి తరం రాస్ప్‌బెర్రీ పై లాంటి 32 బిట్ ఆర్మ్ మీద లింక్ చేసేటప్పుడు అటామిక్_లోడ్_8 దొరకలేదన్న ఎర్రర్ తగిలిందంటే సంగతి ఇదేనని గుర్తించండి. లింకరుకు -ఎల్‌అటామిక్ ఇస్తే ఒకే ప్రాసెసులో సరిపోతుంది, షేర్డ్ మెమరీకి సరిపోదు. అటామిక్_ఎల్‌లాంగ్_లాక్_ఫ్రీ మాక్రో విలువ 2 కాకపోతే కంపైల్ ఆగిపోయేలా ఒక స్టాటిక్ అసర్ట్ పెట్టుకోండి.

32 బిట్, 64 బిట్ ప్రాసెసులు కలిసి వాడే మెమరీ అయితే స్ట్రక్టులో 8 బైట్ల ఫీల్డులకు అలైన్‌మెంట్ 8 అని స్పష్టంగా రాయండి. 32 బిట్ ఎక్స్86 లినక్సులో మామూలు 64 బిట్ ఫీల్డుకు స్ట్రక్టులో 4 బైట్ల అలైన్‌మెంటే వస్తుంది, ఇద్దరూ వేర్వేరు చోట్ల చూస్తుంటారు.

సిగ్నల్ వచ్చినప్పుడు థ్రెడ్డును మధ్యలో ఆపి నడిచే ఫంక్షన్ సిగ్నల్ హ్యాండ్లర్. అందులో మ్యూటెక్స్ తీసుకోకూడదు, దాన్ని పట్టుకుని ఉన్నది ఆ థ్రెడ్డే అయితే తనకోసం తానే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. లాక్-ఫ్రీ అటామిక్ మాత్రం నిరభ్యంతరంగా వాడవచ్చు.

9. పరీక్షించడం

మామూలు టెస్టులు ఇక్కడ పెద్దగా ఏమీ చెప్పవు. -ఎఫ్‌శానిటైజ్=థ్రెడ్ పెట్టి కంపైల్ చేయండి. ప్రోగ్రాము 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది, మెమరీ 5 నుంచి 10 రెట్లు తింటుంది, కానీ రేస్ (రెండు థ్రెడ్లు వరుస లేకుండా ఒకేచోట కొట్టుకోవడం) ఎక్కడ ఉందో లైన్ నంబరుతో సహా చూపిస్తుంది. మొదట్లో చెప్పిన 10 లక్షల ++ ప్రోగ్రామును దీనితో నడిపి చూడండి. ఒక ఇబ్బంది: విడిగా పెట్టిన ఫెన్సులు దీనికి అర్థం కావు. రిఫరెన్స్ కౌంటులో మనం పెట్టిన అక్వైర్ ఫెన్స్ వల్ల లేని రేస్ ఉందని అరుస్తుంది. ఆ బిల్డు వరకు ఫెన్స్ తీసేసి, తగ్గించడానికే అక్వైర్-రిలీజ్ ఆర్డర్ ఇవ్వండి.

కోర్ల కంటే ఎక్కువ థ్రెడ్లు పెట్టి నడపండి. అప్పుడే కెర్నల్ మనల్ని అడ్డదిడ్డమైన చోట్ల దింపుతుంది. ఆర్మ్ మీద తప్పకుండా నడపండి, నిజమైన బోర్డు మీద. ఇంటెల్ మెషీన్లో క్యూఎమ్యూతో ఆర్మ్‌ను అనుకరిస్తే ఇన్‌స్ట్రక్షన్లు ఆర్మ్‌వే కానీ కింద నడిచేది ఇంటెల్ మెమరీ, వరుస తారుమారు బయటపడదు. రాస్ప్‌బెర్రీ పై 4, పై 5 రెండూ దొరికితే ఇంకా మంచిది. పై 4లో ఎల్‌డీయాడ్ లాంటి ఇన్‌స్ట్రక్షన్లు లేవు, పై 5లో ఉన్నాయి, కాబట్టి ఒకే బైనరీ రెండు దారుల్లోనూ నడుస్తుంది. మా సెన్సర్ జెండాకు రిలీజ్, అక్వైర్ పెట్టాక దాన్ని ఒక బోర్డు మీద రెండు వారాలు వదిలేశాం. మొత్తం మార్పు రెండు లైన్లు. కేబుళ్ళకైన ఖర్చు మాత్రం తిరిగి రాలేదు.